నలభై ఎనిమిదో ముక్క

నవంబరు 5

నా మీద మోపిన నేరం ఇది: బతికి ఉన్న నా తండ్రి చొక్కాను చనిపోయినవాళ్ల బొంతలో కలిపి కుట్టించి, ఆయన చావుకు కారణమయ్యాను.

మోపినది మా మేనత్త అసిరమ్మ. నిన్న శ్మశానం నుంచి మగవాళ్లు తిరిగి వచ్చి గుమ్మంలో కాళ్లు కడుక్కుంటున్నప్పుడు, వీధి వీధంతా వింటూ ఉండగా అన్నది. ఆమె మాటలు యథాతథంగా రాసుకుంటున్నాను, ఎందుకంటే ప్రతిపక్షం మాటను మార్చి ఖండించడం చేతకానివాళ్ల పని. "నా సేత నా తమ్ముడి సావు కుట్టించినావు గదే గుంటా."

పదమూడో తేదీన అయ్య పెద్దదినం. ఆ మధ్యాహ్నం తుఫాను షెల్టరులో ఊరి ఆడవాళ్లు కూర్చుంటారు. నేను సమాధానం చెప్పుకోవాలి. తరువాత బొంత సంగతి వాళ్లు తేలుస్తారు. కుట్లన్నీ విప్పి ముక్కలను సముద్రంలో కలిపేయాలని అత్త పట్టు.

విశ్వవిద్యాలయంలో మూడేళ్లుగా నేను ఏ చర్చలోనూ ఓడలేదు. అక్కడ సిద్ధం కావడానికి పది నిమిషాలు ఇచ్చేవారు. ఇక్కడ ఎనిమిది రోజులు ఇచ్చారు.

ఖండన సులభం. కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకి బరువుకే పండు రాలిందంటే ఒప్పుకుంటామా? అయ్యకు జబ్బు నాలుగేళ్లుగా ఉంది. బొంత కుట్టింది ఆగస్టులో. మూడో తేదీ ఉదయం నౌపడ స్టేషనులో, రక్తం కడిగించుకోవడానికి వెళ్లే బండి కోసం ఎదురుచూస్తూ, బెంచీ మీద ఒరిగిపోయాడు. బండి యాభై నిమిషాలు ఆలస్యం. చొక్కా ముక్కకూ గుండెకూ మధ్య ఏ దారీ లేదు.

చొక్కా అమ్మ ఇచ్చింది. ఇది కూడా చెప్పాలి.

నవంబరు 6

వాస్తవాలు ముందు. వాదన వాటి మీద నిలబడాలి. షెల్టరులో చదవడానికి ఇలా మొదలుపెడతాను:

ఆరేళ్లలో మన ఊరి నుంచి నలభై ఏడుగురిని కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. నీళ్లదా దోషం, ఎండదా, ఉప్పుమళ్లలో వంగి చేసే చాకిరీదా, ఎవరూ తేల్చలేదు. బతికి ఉన్న రోగులు వారానికి రెండుసార్లు నౌపడలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి పోవాలి. మనం అడిగింది ఒక్కటే: రక్తం కడిగే యంత్రాలు మనకు దగ్గరలో పెట్టమని. మూడు అర్జీలు ఇచ్చాం. జవాబు లేదు. కాగితం మీది పేర్లను కాగితంలాగే చూశారు. కాబట్టి, తాకి చూడక తప్పని అర్జీ ఒకటి తయారు చేద్దామని నేనన్నాను. పోయినవాళ్ల బట్టలతో బొంత.

పోయినవాళ్ల బట్టలు ఇంట్లో ఉంచుకోకూడదనీ నీళ్లలో వదిలేయాలనీ మన ఆచారం. వదిలేశామనే అందరూ చెప్పారు. నేను అడగడం మొదలుపెట్టిన వారానికి ట్రంకుపెట్టెల అడుగు నుంచి, ధాన్యం గాదె వెనక నుంచి, దిండు గలీబుల్లోంచి ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఒక లుంగీ. ఒక జాకెట్టు. కాలరు చిరిగిన చొక్కా. ఏ ఇల్లూ పూర్తిగా వదల్లేదు. ఒకరి రహస్యం ఇంకొకరికి తెలియక ఇన్నేళ్లూ ప్రతి ఇల్లూ ఒంటరిగా తప్పు మోసింది.

(ఈ వాక్యం బాగుంది. చదివేటప్పుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి.)

నవంబరు 6, సాయంత్రం

పనితీరు గురించి కూడా రాసుకోవాలి.

అత్త ముందుగానే కొలత వేసింది: ఎనిమిది వరుసలు, వరుసకు ఆరు గళ్లు. ముక్క మీద పేరు నేను పెన్సిలుతో రాసేదాన్ని. ఆ గీత వెంట వాళ్లు ఎర్రదారంతో కుట్టేవారు. కుట్టిన పందొమ్మిది మందిలో ఒక్కరికీ చదువు రాదు. అక్షరం వాళ్లకు వంకర తిరిగిన గీత. సూదిని ఎటు తిప్పాలో చెప్పే దారి.

షెల్టరు గచ్చు మీద బొంత పరిచి చుట్టూ కూర్చునేవారు. ఆ నెల రోజులు ఊళ్లో నవ్వు వినిపించింది. గున్నమ్మ పిన్ని తన మొగుడి లుంగీ ముక్క పక్కన చిన్నతల్లి జాకెట్టు ముక్క రావడం చూసి, "బతికున్నన్నాళ్లూ నా పక్కన కూకోలేదు ఈ ముసిలోడు. సచ్చినాక సూడండే, పొరుగింటి దాని పక్కన సోటు సంపాయించీసినాడు," అంది. "మార్సేద్దామేటే?" అని అత్త అడిగింది. "ఒగ్గీ. ఎక్కడున్నా గురకెట్టి తొంగుంటాడు, దానికే ఇబ్బంది."

ముక్కలన్నీ కలిపితే నలభై ఏడు. గళ్లు నలభై ఎనిమిది.

నవంబరు 7

సెప్టెంబరు ఇరవై రెండున ఏం జరిగిందో క్రమంగా.

మా బొంత అర్జీ మీద విచారణకు వచ్చిన అధికారి మంచివాడే. చెప్పులు విప్పి షెల్టరులోకి వచ్చాడు. చేతిలో నేను తయారు చేసిన జాబితా. ఒక్కొక్క గడి దగ్గర వంగి, పైకి చదవకుండానే పేరును జాబితాతో సరిచూసుకుని, టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. నలభై ఏడు టిక్కులు. నలభై ఎనిమిదో గడి దగ్గర, జాబితాలో ఆ పేరు ఎదుట ఇల్లు రాసి లేకపోవడంతో పైకి, "జోగయ్య. ఈయనది ఏ ఇల్లు?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని కూర్చున్న అయ్య మాట్లాడాడు.

"ఆడు సచ్చిపోనాడు బాబూ."

"నువ్వెవరు?"

"నాను ఆడి తమ్ముణ్ని."

"నీ పేరు?"

అయ్యకు తమ్ముళ్లు లేరు. పేరు వెతుక్కోవడానికి కొంచెం సేపు పట్టింది. "గంగులు," అన్నాడు. రెండేళ్ల కిందట మేము అమ్మేసిన ఎద్దు పేరు గంగులు.

అధికారి చూపు అయ్య ఎడమ చేతి మీద పడింది. సూదులు పొడిచి పొడిచి తాడులా ఉబ్బిన నరం. "నీకూ జబ్బేనా? కార్డు ఉందా?" అన్నాడు, జాలిగానే. కార్డు అన్న మాట వినబడగానే అయ్య చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. ఆసుపత్రి కిటికీల ముందు నాలుగేళ్లు నేర్చుకున్న వినయం అది. కార్డు తీసి రెండు చేతులతో ఇచ్చాడు.

"జోగయ్య, వయసు యాభై రెండు," అని అధికారి పైకి చదివాడు. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. జాబితాను ఆ చివర నుంచి ఈ చివర వరకు మళ్లీ ఒకసారి చూసి, తను పెట్టిన టిక్కులన్నింటినీ కలుపుతూ ఒక అడ్డగీత గీశాడు.

ఇంటికి నడుస్తూ అయ్య అన్నాడు: "ఎద్దు పేరు సెప్పీసినాను. ఇంకేటీ నోటికి రాలేదు."

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. సమర్పించిన వివరాలు విశ్వసనీయంగా లేనందున ప్రతిపాదన ముగించడమైనది.

నవంబరు 8

హాస్టల్ నుంచి రేఖ ఫోను చేసింది. నాలుగేళ్లుగా ఒకే గదిలో ఉన్నాం. అయ్య పోయాడని ఏడ్చింది, తరువాత పదమూడో తేదీ సంగతి విని వాదన నేర్పింది.

"అది ప్రతీక అని చెప్పు హేమా. బతికున్న రోగి కూడా సగం మృతుడే, ఆ గడి రాబోయే మరణాలకు ప్రతినిధి అని చెప్పు. ఎవరూ కాదనలేరు."

నిజమే, ఎవరూ కాదనలేరు. సెమినారు హాలులో చప్పట్లు కూడా కొడతారు. ఇక్కడ ప్రతీక అంటే గున్నమ్మ పిన్ని, "అదేటి, మందా?" అని అడుగుతుంది.

ఆ వాదన రాసి పెట్టుకున్నాను. కొట్టేశాను. మళ్లీ రాశాను.

నవంబరు 9

అమ్మ మూడు రోజులుగా గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఇవాళ కొంచెం గంజి తాగింది. అదను చూసి అన్నాను: "అమ్మా, చొక్కా నువ్వే ఇచ్చావని షెల్టరులో చెబుతాను. నువ్వు అవునంటే చాలు."

గంజి గిన్నె కింద పెట్టింది. "నానెప్పుడిచ్చినానే?"

"పాతది, నీలంది. ఉప్పుమళ్లలో అందరికీ పంచింది."

"ఆ సొక్కా తీగ మీద ఆరేసినాను. సాయంత్రం సూస్తే లేదు. గాలికి పోనాదనుకుని కళ్లాలంతా ఎతికినాను. మీ అయ్య కూడా ఎతికినాడు."

అయిదో తేదీన రాసింది సవరిస్తున్నాను: చొక్కా అమ్మ ఇవ్వలేదు. తీసుకున్నాను. ఇంట్లో వస్తువు కూతురు తీసుకోవడం నేరం కాదు.

నవంబరు 10

కాదు.

నవంబరు 11

అయ్య పెట్టెలో ఇప్పుడు రెండు చొక్కాలు ఉన్నాయి. వాటిని నీళ్లలో వదిలేయాలి. అమ్మ ఒకటి మడిచి బియ్యం డబ్బా వెనక పెట్టడం చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

ఇక రాయవలసింది రాస్తాను. ఇక్కడ నేను తప్ప శ్రోత లేడు, న్యాయనిర్ణేత లేడు, గంట కొట్టేవాడు లేడు. ఇక్కడ కూడా ఆరు రోజులు వాదించాను.

ఖాళీ గడి గురించి అత్త ఆగస్టులోనే చెప్పింది. "బొంతకి కన్నం ఒగ్గకూడదే గుంటా. ఒగ్గితే అది ఎవుల్నో ఒకర్ని అడుగుతాది. పసుపునీళ్లలో ముంచిన కొత్తగుడ్డ ముక్క పెట్టీసి మూసీద్దాం. పేరూ గీరూ ఏటీ వద్దు." మా వైపు బొంతకు ముక్క తగ్గినప్పుడు ఎవరైనా చేసేది అదే.

నాకు ఆ పసుపు ముక్క నచ్చలేదు. కారణం మూఢనమ్మకం మీద ద్వేషం అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నలభై ఏడు పేర్ల మధ్య పేరు లేని గడి ఒకటి ఉంటే, చూసేవాడి కన్ను ముందు దాని మీదనే పడుతుంది, "ఇదేమిటి?" అని అడుగుతాడు, ఆ ప్రశ్నతో నా వాదన పట్టు సడలుతుంది. ఎదుటివాడు వేలు పెట్టడానికి సందు వదలకూడదని నాకు నేర్పారు. నేను సందు మూశాను. అయ్య ఎలాగూ ఈ ఏడాది దాటడని డాక్టరు నాతో అన్నాడు. ఎలాగూ. ఆ మాట వాడుకున్నాను. కొన్ని నెలలు ముందుగా లెక్కించాను, అంతే అనుకున్నాను.

నీలం చొక్కా వెనకభాగం కత్తిరించి, పేరు రాసి, అత్త చేతికిచ్చాను. ఆమె కుట్టు ఊళ్లో అందరికంటే సన్నం.

"పసుపు ముక్క వద్దా?"

"ఇది ఇంకా మంచిది అత్తా."

"ఏటి రాసినావు?"

"ఊరి పేరు."

ఎంత సంతోషించింది. "మంచి పని సేసినావు, ఊరు పేరు ఉంటే కన్నం ఎవుల్నీ అడగదు," అంది. ఒక పూటంతా కూర్చుని కుట్టింది. చివరి య్య దగ్గర దారం తెగితే మొదటి నుంచీ విప్పి మళ్లీ కుట్టింది, ఊరి పేరులో ముడి ఉండకూడదని.

ఏడో తేదీ రాతలో ఒక మాట వదిలేశాను. అధికారి "జోగయ్య" అని చదివినప్పుడు ఎవరూ మాట్లాడలేదని రాశాను. అత్త మాట్లాడింది. నవ్వుతూ సరిదిద్దింది: "జోగయ్యేటి బాబూ. అది మా ఊరి పేరు." తరువాత నా ముఖం చూసింది. అప్పుడు అయ్య, "ఆడు సచ్చిపోనాడు బాబూ," అన్నాడు.

ఇంకొకటి. ఆ రోజు ఇంటికి నడుస్తూ అయ్య ఎద్దు మాట ఒక్కటే అనలేదు. "నాకు ముందే తెలుసు," అన్నాడు. అయిదో తరగతి చదివాడు, తన పేరు చదువుకోగలడు. "బొంత ఎండలో ఏసినప్పుడు సూసినాను. బతికుండగానే సమాధి రాయి నాటీసినావేటి, అనుకున్నాను."

"మరి అడగలేదేం?"

"నువ్వు సదువుకున్నదానివి. దానికేదో లెక్క ఉంటాదనుకున్నాను."

యంత్రాలు దగ్గరలో వచ్చి ఉంటే అయ్య మూడో తేదీ ఉదయం ఆ బెంచీ మీద ఉండేవాడు కాదు. ఇది రుజువు చేయలేను. ఖండించనూ లేను. ఊళ్లో ఇంకా పదకొండు మంది ఆ బండి ఎక్కుతున్నారు.

నవంబరు 12

మధ్యాహ్నం అత్త వచ్చింది. చావు ఇంట్లో పొయ్యి వెలిగించరు గనుక ఈ రోజులన్నీ కూడు ఆమె ఇంటి నుంచే వస్తోంది. నేరం మోపిన నోటితోనే రోజూ "తినే, సచ్చినట్టు తిను," అంటుంది. ఇవాళ గిన్నె దించి కూర్చుంది. నేను తర్కం మొదలుపెట్టాను. కాకి, తాటిపండు.

"ఆపెహె," అంది. "గుడ్డ కుడితే మనిషి సస్తాడని నానెప్పుడన్నానే? ఎనభై బొంతలు కుట్టినాను, ఆ మాత్తరం తెల్దేటి నాకు?"

"మరి ఏమన్నావు అత్తా?"

"నా సేత అన్నాను."

అర్థం కాలేదు. అయిదో తేదీన ఆమె వాక్యాన్ని యథాతథంగా రాసుకున్నానని గొప్పపడ్డాను. అందులో చావు అన్న మాటనే చూశాను. వారం రోజులు దానితోనే యుద్ధం చేశాను. ఆమె నేరం మొదటి రెండు మాటల్లో ఉంది.

"నీ సేత్తో నువ్వు కుట్టుకుంటే అది నీ పాపం. నాకు రాదని తెలిసి నా సేత కుట్టించినావు. ఊరి పేరని ముద్దులెట్టుకుని కుట్టినాను నా తమ్ముడి పేరు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పోనీ, అదీ ఒగ్గీ. ఒకటడుగుతాను, సెప్పు. మిగతా నలభై ఏడూ నువ్వేటి రాసినావో నాకేటి తెలుసు?"

"అత్తా, అవన్నీ నిజమే."

"ఇదీ నిజమనే సెప్పినావు." ఆమె గొంతు పెంచలేదు. "గున్నమ్మ రోజూ ఎల్లి మొగుడి గడి మీద సెయ్యేసి కూకుంటాది. అది ఆడి పేరేనా? నిన్న అడిగినాది నన్ను. అప్పా, అది మా ఆయన పేరేనా, అని. ఏటి సెప్పమంటావు? నువ్వు సెప్పినావని సెప్పనా?"

పది నిమిషాలు ఇచ్చినా, ఎనిమిది రోజులు ఇచ్చినా, దీనికి ఖండన దొరకదు. నలభై ఏడు పేర్లు నేను సరిగ్గానే రాశాను. ఆ సంగతి ప్రపంచంలో నాకొక్కదానికే తెలుసు. నాకొక్కదానికే తెలిసిన నిజం ఆ షెల్టరులో ఎవరికీ పనికిరాదు. అధికారి ఒక గీత గీసి నలభై ఏడుగురినీ కొట్టేశాడనుకున్నాను. ఆయన గీతకంటే ముందు నా పెన్సిలు కొట్టేసింది.

వెళ్తూ గుమ్మంలో ఆగింది. "రేపు నువ్వు బాగా మాటాడతావు. ఆలందరూ ఏడుస్తారు. ఒగ్గీమంటారు. నాకు తెలుసు. అదే నాకు బయం."

నవంబరు 13, ఉదయం

వాదన రాసిన ఎనిమిది కాగితాలు, పెద్దదినం వంటకు ఇవాళ వెలిగించిన పొయ్యిలో పెట్టాను. రేఖ చెప్పిన ప్రతీక కూడా.

అమ్మ తల స్నానం చేసి వచ్చింది. బియ్యం డబ్బా వెనక ఉన్న చొక్కా గురించి నేను ఏమీ అడగను.

బొంత విప్పితే ఊరికి ఇంక అర్జీ లేదు, పోయినవాళ్లకు చోటు లేదు. విప్పకపోతే, తనది తన మొగుడి పేరో కాదో తెలియకుండా గున్నమ్మ పిన్ని రోజూ దాని మీద చెయ్యి వేస్తుంది. రెండింటిలో దేనినీ నేను బాగు చేయలేను. యంత్రాలు రావు. అయ్య రాడు. ఇవాళ నా గొంతు వణకకూడదు; వణికితే జాలిపడతారు, జాలిపడితే నమ్ముతారు.

చెప్పేది ఇంతే:

అమ్మల్లారా, అత్త చెప్పిన నేరం నిజం. ఆమెకు అక్షరం రాదని తెలిసి, ఊరి పేరని అబద్ధం చెప్పి, బతికి ఉన్న తమ్ముడి పేరు ఆమె చేత కుట్టించాను. ఆ ఒక్క ముక్క మూలంగా మీ నలభై ఏడు ముక్కలూ అబద్ధమయ్యాయి. మీ యంత్రాలు పోయింది నా మూలంగా. నాకు క్షమాపణ వద్దు, దానికి నేను అర్హురాలిని కాను. మిగతా పేర్లు సరైనవేనని నేను మీకు చెప్పను. చెబితే నమ్మకండి. ఇక మీదట నేను ఏది చదివినా నమ్మకండి. మీకు ఇష్టమైన మనిషిని, నా స్నేహితులు కానివారిని, నేను ఎన్నడూ చూడనివారిని పిలిపించండి. నన్ను ఈ షెల్టరు బయటికి పంపి తలుపు వేసుకోండి. మొదటి గడి నుంచి చివరి గడి వరకు ఒక్కొక్క పేరూ మీ ఎదుట పైకి చదివించుకోండి. ఎవరి చెయ్యి ఎవరి పేరు మీద ఉందో మీ చెవులతో మీరు వినేదాకా, ఒక్క కుట్టు కూడా విప్పకండి.